బండిలో జాగా



గుంటూరులో హోసన్నా వారి గుడారాల పండుగకు కుటుంబంగా బయలుదేరాలనుకున్నాం. కొండకల్ నుండి సుమారు 300 కిలోమీటర్లు. పాటలు, వాక్యం, రాత్రి చాపల మీద పడక. ముందు రోజే టార్పాలిన్, దుప్పట్లు, గ్యాస్ స్టవ్, బియ్యం, పచ్చడి సీసా, ఫ్యాన్, నా నడుం నొప్పికని ఒక మడత మంచం కూడా బండిలో ఎక్కించాను.

సాయంత్రం సంఘంలోని ఒక విధవరాలు వచ్చింది. "అయ్యగారూ, నాకూ నా బిడ్డకూ బండిలో జాగా ఉంటదా?" అని అడిగింది.

"లేదమ్మా, నిండిపోయింది" అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయం చదివాను. పర్ణశాలల పండుగలో నీ కొడుకు, కూతురితో పాటు పరదేశి, తల్లిదండ్రులు లేని బిడ్డ, విధవరాలు కూడా సంతోషించాలని 14వ వచనం చెబుతుంది. అక్కడికి రాగానే నా గొంతు ఆగిపోయింది.

"డాడీ, మంచం దించితే ఇద్దరు పట్టరా?" అంది మా అమ్మాయి.

ఐగుప్తు నుండి బయలుదేరినవాళ్లు మంచాలు మోసుకెళ్లారా? మంచం, ఫ్యాన్, సగం మూటలు దించేశాం. ఆ రాత్రే ఆమె ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆమె అప్పటికే తలుపు దగ్గర సంచి సర్దిపెట్టుకుని ఉంది.

మన బండ్లలో, మన ఇండ్లలో జాగా చేసే మనసు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.