హాలీ, కల్దారు, గుంట

వంద కల్దారు రూపాయలకు హాలీలెన్ని? నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు. నిజాం జమానాలో షోలాపూరు నుంచి సరుకు దింపుకునే బీదరు షావుకారుకు ఈ లెక్క నోటికి రావలసిందే. కల్దారంటే బ్రిటిషు రూపాయి. హాలీ అంటే చార్మినారు బొమ్మతో హైదరాబాదు సంస్థానం వేసుకున్న సొంత సిక్కా. ఏడు హాలీలు ఆరు కల్దార్లకు సరి.

నాణేల పోటీ ఈ సీమకు బహమనీల నాటిది. అప్పటికి రాజధాని ఇంకా గుల్బర్గాయే, బీదరు కాలేదు. విజయనగర, తెలంగాణ రాజుల ప్రోద్బలంతో కంసాలులు బహమనీ నాణేలను కరిగించేస్తున్నారని బహమనీ సుల్తాను మహమ్మద్ షాకు కోపం వచ్చింది. తమ హొన్నులే చెల్లాలన్నది ఆ రాజుల పంతం. 1360లో సుల్తాను ఆ పని చేసినవాళ్లను చంపించి, మారకం వ్యాపారాన్ని ఢిల్లీ నుంచి వచ్చిన ఖత్రీలకు అప్పగించాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. బంగారం బరువు కోసం మనుషుల ప్రాణాలు తీసిన ఆ ఫర్మానా చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఏ కత్తీ లేకుండా చెల్లిన పరాయి నాణెం ఒకటుంది: వెనిస్ డకాటు. 1284లో మొదలై 1797లో ఆ గణరాజ్యం కూలేదాకా దాని బరువు మూడున్నర గ్రాములే, బంగారమూ మేలిమిదే. హిందూదేశంలో కొన్నిచోట్ల అది చెలామణిలో ఉందని 15వ శతాబ్దిలో విజయనగరం చూసిన ఇటలీ యాత్రికుడు నికొలో కొంతి చెప్పాడు. విజయనగర బంగారు నాణెం వరహా తూకం దాదాపు 3.4 గ్రాములు. తరాజులో రెంటికీ తేడా గురిగింజంత.

బీదరుకు అసలు కుదుపు 1956లో తగిలింది. నవంబరు 1న జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. మరుసటి ఏప్రిల్లో నయాపైసలొచ్చాయి, ఆ వెనకే కిలోలు. 1959తో హాలీ చెల్లడం ఆగిపోయింది. రాష్ట్రం, రొక్కం, రాళ్లు మూడూ ఒకే తరం చేతుల్లో మారిపోయాయి.

బిద్రీ పనివాడి మూసకు మాత్రం ఈ మార్పులు తగల్లేదు. పదహారు పాళ్లు జింకు, ఒక పాలు రాగి. తులాల్లో తూచినా, గ్రాముల్లో తూచినా పాళ్లు అవే.

భూమి కొలతా అంతే. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. రాష్ట్రాల సరిహద్దు అడ్డం వచ్చినా బీదరు రైతూ జహీరాబాదు రైతూ నేటికీ గుంటల్లోనే బేరమాడుకుంటారు. గుంటకు రెండున్నర సెంట్లని లెక్కగట్టుకోవలసింది గుంటూరు నుంచి భూమి కొనడానికి వచ్చినవాడే.