పెద్ద ‘ఐ’, చిన్న ‘షి’

తెలుగులో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు. ‘అ’ ఎక్కడున్నా ‘అ’నే. అందుకే పెద్ద ఏబీసీడీలు ఎక్కడ రాయాలో, చిన్నవి ఎక్కడ రాయాలో మూడో తరగతి పిల్లలకి చెప్పడం అంత తేలిక కాదు. మా మండల పరిషత్ బడిలో ఏటా చెప్పే పాఠమే ఇది. వాక్యం మొదట్లో పెద్దక్షరం. మనుషుల పేర్లకి, ఊళ్ళ పేర్లకి పెద్దక్షరం. తమ పేరు పెద్దక్షరంతో మొదలవుతుందంటే పిల్లలకి భలే సంబరం.

చిక్కంతా ‘ఐ’ దగ్గర. ‘నేను’ ఎక్కడొచ్చినా పెద్దక్షరమే, ‘మీరు’ మాత్రం చిన్నక్షరం! టీచర్ని చిన్నగా రాసి తనని పెద్దగా రాసుకోవడం వాళ్ళకి మర్యాద తప్పినట్టనిపిస్తుంది. ఆడపిల్లలకి మరీను. ఒంటరిగా నిలబడ్డ చిన్న గీత రాతలో కనబడకుండా పోతుందని దాన్ని పెద్దది చేశారంటారు. కలెక్టరు రాసినా, నువ్వు రాసినా ‘నేను’ అంత పెద్దదే అని చెప్తాను.

తర్వాతది సర్వనామాల పాఠం. ఇంట్లోవాళ్ళ గురించి ఐదు వాక్యాలు రాయమంటే ఒక పిల్లాడు నాన్నకి ‘హి’ అని, గేదెకి ‘ఇట్’ అని రాశాడు. చెల్లెలికీ ‘ఇట్’ అనే రాశాడు. వాడికి ఇంగ్లీషు రాక కాదు. “అది బడికెళ్ళిందా?” అని ఇంట్లో రోజూ వినే మాటని ఉన్నదున్నట్టు అనువదించాడంతే.

మన వ్యాకరణం కూడా వాడి పక్షమే. మగవాళ్ళని చెప్పే మాటలు మహత్తులు. మహత్తు అంటే గొప్పది. పశువులూ వస్తువులూ అమహత్తులు. ఒక స్త్రీ గురించి చెప్పేటప్పుడు క్రియ వీటితోనే కలుస్తుంది. రాముడు వచ్చాడు. సీత వచ్చింది, బండి వచ్చింది, గేదె వచ్చింది. అదే స్త్రీలు ఇద్దరైతే మగవాళ్ళతో సమానంగా ‘వచ్చారు’. ఒంటరిగా ఉంటే వస్తువుతో జత, గుంపుగా ఉంటే మనిషి! సంఘాలు పెట్టుకోమని మనకి వ్యాకరణమే చెప్తున్నట్టుంది.

ఒక్కరికి కూడా ‘వచ్చారు’ అని గౌరవం ఇచ్చే వీలు తెలుగులో ఉంది. అది ఎవరికి దక్కుతోందన్నదే ప్రశ్న. మా బడి వరండాలో వినబడే మాటలు చూడండి: “సారొచ్చారు”, “టీచరొచ్చింది”. ఇద్దరిదీ ఒకే ఉద్యోగం, ఒకే జీతం. ఇళ్ళలోనూ అంతే, నాన్న వచ్చారు, అమ్మ వచ్చింది. ‘అమ్మ వచ్చింది’లో చనువుంది, ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ చనువు ఎప్పుడూ ఒకవైపే ఎందుకుంటుంది? పనిమనిషి గురించి “అది ఇంకా రాలేదు” అన్నప్పుడు అందులో ఏ ప్రేమ ఉంది?

ఇంగ్లీషు మనల్ని ఉద్ధరిస్తుందనీ అనుకోను. అది ఆడవాళ్ళకి ‘షి’ ఇచ్చింది గానీ, చట్టం రాసేటప్పుడు ‘హి’లో కలిపేసింది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో ‘హి’ అంటే స్త్రీ అయినా పురుషుడైనా అని రాశారు. 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఆ వరసలో ట్రాన్స్‌జెండర్లనీ చేర్చింది. మనుషులు పెరిగారు, సర్వనామం మాత్రం ‘హి’గానే ఉండిపోయింది.

అందుకే ఆ పాఠం రెండు భాషల్లోనూ చెప్తాను. బోర్డు మీద ఒక పక్క ‘షి’, ఇంకో పక్క ‘ఆమె వచ్చారు’. మొదటిరోజు పిల్లలు పకపకా నవ్వుతారు. “అమ్మ వచ్చారా!” అని ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకుంటారు. వారం తిరిగేసరికి నవ్వు ఆగిపోతుంది.

ఈ ఏడాది ఒక పిల్ల నాయనమ్మ బడికొచ్చింది. “ఏం నేర్పావమ్మా? వాళ్ళ నాన్న ‘అదేదీ’ అంటే ఇది పలకట్లేదు. పేరు పెట్టి పిలవాలంట!” అని పోట్లాడింది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఆమె వెళ్ళబోతుంటే మనవరాలు తలుపు దగ్గర నిలబడి, “నాయనమ్మ గారు వెళ్తున్నారు” అంది. ఆవిడ కాసేపు కదల్లేదు. “డెబ్బై ఏళ్ళొచ్చాయి, నన్నెవరూ అట్లా అన్లేదు” అని కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ పిల్ల ఇంట్లో పేరు కోసం ఇంకా పోట్లాడుతూనే ఉంది. పరీక్షలో అయితే స్పెల్లింగులు చాలా తప్పులే రాసింది. ‘ఐ’ మాత్రం ఎక్కడా చిన్నగా రాయలేదు.