చెల్లెలి ఫోను

మా మేనల్లుడు పట్టుబడ్డాడని తెలిసిన రాత్రి నేను చేసిన మొదటి పనే తప్పు పని. మేనకోడలికి ఫోన్ చేసి, "అన్న పెట్టినవన్నీ తీసెయ్యమ్మా, ఒక్కటీ ఉంచకు" అన్నాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాణ్ణి నేను.

వాడికి పందొమ్మిదేళ్లు. ఇంటర్ మధ్యలో మానేసి, పాడేరు వైపు బండి మీద సరుకు మోసి కూలి తెచ్చుకునేవాడు. చెక్‌పోస్టు దగ్గర ఆ బండి మీద రెండు మూటలు దొరికాయి. 24 కిలోల గంజాయి. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం అంటారు, శిక్ష పదేళ్లకు తగ్గదు. "పసుపు మూటలనుకున్నాను మావా" అన్నాడు. మా వైపు పసుపు మూటలు బండి మీద తేవడం వింత కాదు. నేను నమ్మాను.

నేను నమ్మితే చాలదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 35వ సెక్షన్ ప్రకారం, తెలిసే చేశాడని కోర్టు ముందే అనుకుంటుంది. తెలియదని రుజువు చేసుకోవలసింది ముద్దాయే, అదీ సందేహానికి తావు లేకుండా. ఇంత సరుకు దొరికాక బెయిలు కావాలన్నా 37వ సెక్షన్ అడ్డం. నేరం చెయ్యలేదనీ, బయటికొస్తే మళ్లీ చెయ్యడనీ నమ్మడానికి కోర్టుకి ఆధారం కనిపించాలి.

కనిపించింది ఏమిటి? వాడి రీలు. పట్టుబడ్డానికి నెల ముందు ఎవరిదో తోటలో, ఛాతీ ఎత్తు మొక్కల మధ్య నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డాడు. వెనక సినిమా పాట, కింద "మా బంగారం" అని రాత. ఆ తోట వాడిది కాదని ఊరందరికీ తెలుసు. జడ్జిగారికి ఎలా తెలుస్తుంది? ఆ రీలు నేనూ చూశాను. లైకు కొట్టలేదు, అంతే. పిలిచి ఒక్క మాట అనలేదు.

పైగా వాడి స్నేహితులు ఊరి వాట్సాప్ గ్రూపులో "పట్టించినోణ్ణి వదలం" అని పెట్టారు. వాడి మీద ప్రేమతోనే పెట్టారు. కోర్టులో చదివితే అది సాక్షుల్ని బెదిరించడం.

గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరునిస్తారు, 1987 చట్టం ప్రకారం. మాకు వచ్చిన లాయరమ్మ నా మాట విని కాసేపు పెన్ను కింద పెట్టేసింది.

"సాక్ష్యం చెరిపించారు మాస్టారూ. అది ఇంకో కేసు. మీ మీదా, ఈ పిల్ల మీదా. అయినా తీసేస్తే పోతుందా? ఎవరో దింపుకునే ఉంటారు." తర్వాత మేనకోడలి వైపు తిరిగింది. "ఇంకేం తీసేశావు?"

"రీలొక్కటేనమ్మా. వాట్సాప్‌లోవి తియ్యలేదు. అన్న గొంతున్నాది."

ఆ ఉదయం తన ఫోనులో చార్జింగ్ లేక, వాడు చెల్లెలి ఫోనులో వాయిస్ పెట్టాడట. ఆవిడ వినిపించమంది. "ఏటన్నా, ఆ మూటల్లో ఏటున్నాది?" జవాబులో వేరే గొంతు: "పసుపేరా. బేగి రా."

రెండుసార్లు వినింది. ఫోను రీసెట్ చెయ్యొద్దంది, అమ్మొద్దంది, ఆ వాయిస్ ఎవరికీ పంపొద్దంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ ఉంది, దాని ప్రకారం సర్టిఫికెట్‌తో దాఖలు చెయ్యాలట. రీలు ఎవరు తీయమన్నారో, ఎప్పుడు తీశారో కూడా నా చేత రాయించింది. అడిగితే దాచొద్దంది. రాస్తుంటే నా చెయ్యి వణికింది. నా మాట ఆ పిల్ల పూర్తిగా విని ఉంటే?

బెయిలు ఒకసారి కొట్టేశారు. నేను తీయించిన రీలు ఆ రోజు కాగితం మీద అచ్చయి కోర్టులోనే ఉంది. వాయిస్ సంగతి విచారణలో తేలాలి.

అద్దం పగిలిన ఆ ఫోను మా అక్క ఇంట్లో ట్రంకు పెట్టెలో, తువ్వాలు చుట్టి ఉంది. ఆదివారం ఆదివారం మేనకోడలు దాన్ని తీసి చార్జింగ్ పెడుతుంది. వాయిస్ మాత్రం వినదు. "చెయ్యి జారి పోద్దేమో మావా" అంటుంది.