సాపు నేల కోసం చిక్కడపల్లి దాకా

గాలిలో ఉన్నంతసేపూ డ్రోన్ బుద్ధిగానే కనిపిస్తుంది. రిమోట్ మీది చిన్న తెరలో వంపు తెలియదు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెట్టి చూస్తే చెరువు కుడిపక్కకు ఒలికిపోతూ ఉంటుంది. ఎంతో వంగక్కర్లేదు, ఒక్క డిగ్రీ చాలు. 4కే ఫ్రేము అడ్డంగా 3,840 పిక్సెళ్లు. అది ఒక డిగ్రీ వాలితే ఈ అంచు నుంచి ఆ అంచుకు వచ్చేసరికి నీటిగీత 67 పిక్సెళ్లు దిగిపోతుంది. ఈ లెక్క నాతో వీడియో తీయించుకునే పెళ్లివాళ్లకు అక్కర్లేదు, కన్నే పట్టేస్తుంది. "ఏందన్నా, మా ఊరి చెరువు గిట్ల వంగింది?" అని పెళ్లికూతురి తండ్రి అడిగిన తర్వాత ఇక ఊరుకోలేకపోయాను.

కొత్తది కొనేయొచ్చు కదా అంటారు. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని మన ప్రభుత్వం 2022 ఫిబ్రవరి 9న నిలిపేసింది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే మినహాయింపు. విడిభాగాలకు అడ్డులేదు. అందుకని నాలాంటి చిన్న ఊళ్ల వీడియోవాళ్లు ఉన్న పాతదాన్నే సాకుతూ వస్తున్నారు. నారాయణగూడలో ఒకాయన డ్రోన్ కెమెరాను సాపుగా నిలబెట్టే గింబళ్లు బాగుచేస్తాడని తోటి ఫొటోగ్రాఫర్ చెప్పాడు. పక్కనే అశోక్‌నగర్‌లో మా అక్క కొడుకు గ్రూప్స్‌కు చదువుతున్నాడు. వాడినీ చూసినట్టుంటుందని జనగామలో పొద్దుటి రైలెక్కాను.

సికింద్రాబాద్‌లో దిగి మెట్రో పట్టుకుంటే గాంధీ ఆసుపత్రి, ముషీరాబాద్ దాటి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. 2020 ఫిబ్రవరిలో ఈ లైను మొదలయ్యేదాకా ఇదే దూరం సిటీ బస్సులో ఒక పూట పని. ఇప్పుడు మెట్రోనే మన నెత్తి మీద పోతుందనుకుంటే, దాని నెత్తి మీద మరొకటి పోతోంది: ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా వేసిన స్టీల్ బ్రిడ్జి. నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టి 2023 ఆగస్టు 19న తెరిచారు. కింద సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్లు. ఒకప్పుడు ఈ చౌరస్తాలో తలెత్తితే కటౌట్లే కనిపించేవి. ఇప్పుడు ముందు ఇనుము కనిపిస్తుంది.

మేనల్లుడు స్టేషన్ మెట్ల కింద నిలబడి ఉన్నాడు. బ్యాగు చూడగానే "మామా, మా హాస్టల్ బిల్డింగ్ మీదికెళ్లి ఎగరేద్దామా? స్టీల్ బ్రిడ్జి మొత్తం వస్తది" అన్నాడు. కుదరదన్నాను. సచివాలయం ఆ కనిపించే దూరంలో ఉంది, బేగంపేట విమానాశ్రయమూ దగ్గరే. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్ తెరిస్తే ఈ పేటలన్నిటి మీదా పచ్చరంగు లేదు. పచ్చరంగు ఉన్నచోటే ముందస్తు అనుమతి లేకుండా 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు. నేను ఇంకా చెబుతుండగానే వాడు అందుకున్నాడు: "డ్రోన్ రూల్స్, 2021. నానో 250 గ్రాములు, మైక్రో రెండు కిలోలు, స్మాల్ పాతిక, మీడియం నూటయాభై." అశోక్‌నగర్‌లో ఉన్న పిల్లవాడితో ఇదే చిక్కు. డ్రోన్‌ను చేత్తో ముట్టుకోలేదు గానీ దాని చట్టం మొత్తం నోట్లో ఉంది.

ఎగరేయకపోయినా ఒక పని చేసుకోవచ్చు. గింబల్ క్యాలిబ్రేషన్‌కు డ్రోన్ ఎగరనక్కర్లేదు, సాపుగా ఉన్నచోట పెట్టి యాప్‌లో ఒక బటన్ నొక్కితే చాలు. కెమెరా తల పైకీ కిందికీ, అటూ ఇటూ తిరిగి, ఏది అడ్డమో ఏది నిలువో తనకు తాను గుర్తుపెట్టుకుంటుంది. నారాయణగూడ ఆయన సాయంత్రం రమ్మన్నాడు. ఈలోగా మనమే చేసి చూద్దామని హాస్టల్ మీదికెక్కాం.

ఐదో అంతస్తు డాబా. ఆరేసిన బట్టలు, నీళ్ల ట్యాంకులు, మూలన కుర్చీలేసుకుని పాలిటీ వల్లెవేస్తున్న ఇద్దరు. నేల చూపుకు అద్దంలా ఉంది. కానీ డాబా అనేది సాపుగా ఉండకూడదు, ఉంటే వాన నీళ్లు నిలుస్తాయి. మేస్త్రీలు వంద అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇస్తారు, డిగ్రీల్లో అది అర డిగ్రీకి కాస్త ఎక్కువ. ఆ వాలు మీద పెట్టి బటన్ నొక్కితే వాలే సాపు అని యంత్రం నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఎంత బాగా ఎగిరినా ఆ అర డిగ్రీని మోసుకునే తిరుగుతుంది. నేర్పినవాడి తప్పును అంత నమ్మకంగా అప్పజెప్పే శిష్యుడు మరొకడు దొరకడు.

గదిలోకి వెళ్లాం. గచ్చు బాత్రూమ్ వైపు వాలింది. మంచం పక్కనున్న చదువుకునే బల్ల ఒక కాలు పొట్టి, కింద పాత కరెంట్ అఫైర్స్ పుస్తకం మడిచి పెట్టారు. క్యారమ్ బోర్డు చక్కగా ఉంది కానీ నూనె డ్రమ్ము మీద ఉంది. చిక్కడపల్లి గ్రంథాలయంలో పెద్ద బల్లలున్నాయని మేనల్లుడు ఆశపెట్టాడు. అక్కడ పుస్తకం పెట్టుకోవడానికే చోటు దొరకదు, డ్రోన్ పెడతానంటే కొడతారు.

చివరికి సాపు అంటే ఏమిటో తెలిసిన మనిషి సందు చివరనే దొరికాడు. పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ లేపుతున్నారు. మేస్త్రీ, కూలీ చెరో గోడ దగ్గర నిలబడి నీళ్లు నింపిన పారదర్శకపు పైపు రెండు కొసలూ ఎత్తి పట్టుకున్నారు. రెండు కొసల్లోనూ నీళ్లు ఎక్కడ ఆగాయో అక్కడ పెన్సిల్ గీత. నలభై అడుగుల దూరంలోని రెండు గోడల మీద ఒకే ఎత్తు! బ్యాటరీ లేదు, యాప్ లేదు. మా గోడు విని మేస్త్రీ తన రసమట్టం తీసిచ్చాడు. ఇస్తూ ఒక మాట చెప్పాడు: "ఒకపారి చూసుడు కాదు సారూ. తిప్పి పెట్టి మల్ల చూడాలె. బుడగ రెండుసార్లూ ఒక్కతాన్నే ఆగితేనే మట్టం నిజం చెప్తున్నట్టు." ఫోనులోని లెవెల్ యాప్‌ను నమ్ముకున్నవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు. కెమెరా ఉబ్బు వల్ల ఫోను వెల్లకిలా సరిగా ఆనదు, అది చూపే అంకెలో ఆ ఉబ్బు కూడా కలిసిపోయి ఉంటుంది.

రసమట్టం పట్టుకుని మళ్లీ వెతికితే హాస్టల్ మెట్ల మలుపులో వేసిన షాబాదు బండ ఒక్కటి బుడగను నడిమధ్యన నిలబెట్టింది. డ్రోన్ దాని మీద పెట్టాం. పిల్లలు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు, బండ అదురుతూనే ఉంది. క్యాలిబ్రేషన్ సగంలో ఆగిపోయింది. మేస్త్రీకి రసమట్టం తిరిగిచ్చి ఆటో ఎక్కాం.

గింబల్ పని చేసే తీరు ఆ ఆటోలోనే మేనల్లుడికి చూపించగలిగాను. చేతిలో సగం నీళ్లున్న సీసా. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద, త్యాగరాయ గానసభ సందు దాటి మెట్రో స్తంభాల వెంట తిన్నగా పోతున్నంతసేపూ నీటిమట్టం సాపుగానే ఉంది. నారాయణగూడ చౌరస్తాలో డ్రైవరు కోసినట్టు మలిపాడు. సీసా నిలువుగానే ఉంది, లోపలి నీళ్లు మాత్రం గోడెక్కాయి. ఆ నీళ్లనడిగితే కింద అనేది పక్కకు జరిగిందనే చెబుతాయి. గింబల్‌లోని యాక్సిలరోమీటర్ పరిస్థితీ ఇదే. భూమి లాగుతోందో, మలుపు నెడుతోందో దానికి తేడా తెలియదు. పక్కనే జైరోస్కోప్ ఉంటుంది. అది ఎంత తిరిగామో క్షణక్షణం చెబుతుంది గానీ నిమిషాలు గడిచేకొద్దీ దాని లెక్క మెల్లగా జారుతుంది. కాబట్టి యంత్రం తక్షణానికి జైరోను, కాసేపయ్యాక యాక్సిలరోమీటర్‌ను నమ్ముతుంది. చిన్న మలుపైతే జైరో కాపాడుతుంది. అర నిమిషం ఆగకుండా గుండ్రంగా తిరిగితే మాత్రం అబద్ధపు కింద నిజమని కుదురుకుంటుంది, గింబల్ మూడు మోటార్లూ కెమెరాను దానికి తగ్గట్టు వంచేస్తాయి. జీపీఎస్ చెప్పే వేగాన్ని కలిపి ఈ పొరపాటును చాలావరకు తీసేసే డ్రోన్లున్నాయి. నాది పాతది.

నారాయణగూడ ఆయన ఇల్లే దుకాణం. మెల్కోటే పార్కు వైపు సందులో, పైన రేకుల గది. బల్ల మీద మందపాటి గ్రానైటు పలక, దాని కింద మూడు మరలు. నాలుగు కాళ్లది ఊగుతుంది, మూడు కాళ్లది ఊగదు. మరలు తిప్పుతూ, మేస్త్రీ చెప్పినట్టే రసమట్టాన్ని తిప్పి తిప్పి పెడుతూ పలకను సరిచేశాడు. ముందు ఫ్యాన్ కట్టేశాడు. "గాలికి తల ఊగుతదన్నా." డ్రోన్ వెంటనే ఆన్ చేయలేదు. వేడికి సెన్సర్ల లెక్క మారుతుందట, గది చల్లదనానికి రానిచ్చాడు.

అసలు రోగం క్యాలిబ్రేషన్‌లో లేదు. కెమెరాను వేలాడదీసే నాలుగు రబ్బరు బొడిపెల్లో ఒకటి చీలి, కుడి మూల దిగిపోయింది. రెక్కల అదురు కెమెరాకు తగలకుండా ఆపేవి అవే. మోటారు ఆ వంపును కొంతవరకు సర్దుకుంటుంది, తన హద్దు దాటితే చేతులెత్తేస్తుంది. నాలుగూ మార్చి, క్యాలిబ్రేషన్ చేసి, చివర్న రోల్‌ను పదో వంతు డిగ్రీ చొప్పున జరుపుతూ ఎదురుగోడ మీద తాను గీసుకున్న గీతకు కలిపాడు. ఇటలీ గణితవేత్త కార్డానో పేరు ఈ తరహా వేలాడదీతకు 16వ శతాబ్దం నుంచీ అతుక్కుని ఉంది, ఓడల దిక్సూచులు ఇలాంటి వలయాల్లోనే ఊగేవి. ఆయన ఈ గదిని చూసి ఉంటే మోటార్లకు ఆశ్చర్యపోయేవాడు కానీ, గోడ మీది గీత మాత్రం వెంటనే అర్థమయ్యేది.

"గుండ్రం షాట్ మాత్రం నా చేతుల లేదన్నా, నీ స్పీడ్‌ల ఉంది" అన్నాడు డబ్బులు తీసుకుంటూ. తిరుగు రైలులో లెక్క వేశాను. 30 మీటర్ల వ్యాసార్ధంతో సెకనుకు 10 మీటర్ల వేగాన తిరిగితే యంత్రానికి తోచే కింద దాదాపు 19 డిగ్రీలు పక్కకు జరుగుతుంది. వేగం సగం చేస్తే అయిదు డిగ్రీలే. రెండు రెట్ల వేగానికి తోపుడు నాలుగు రెట్లు.

మా చెరువు దగ్గర, పచ్చరంగు కిందే, ఎగరేసి చూశాను. తిన్నగా పోతే నీటిగీత అంచు నుంచి అంచుకు కదల్లేదు. గుండ్రంగా సెకనుకు అయిదు మీటర్ల వేగంతో పోనిచ్చాను, చుట్టు పూర్తయ్యేసరికి 38 సెకన్లు పట్టింది, వంపు కంటికి ఆనలేదు. అయితే పెళ్లివాళ్లకు అంత నిదానం నచ్చదు. అందుకే ఎడిటింగ్‌లో రెండింతలు వేగం పెంచుతున్నాను. మండపం, చెట్లు, చెరువు అన్నీ సాపుగా తిరుగుతాయి. వంటవాళ్లు మాత్రం గంగాళాలు పట్టుకుని పరుగులు తీస్తున్నట్టు కనిపిస్తారు. దానికోసం ఈ షాట్‌ను వంట మొదలవకముందే తీసేయాల్సి వస్తోంది.