బొమ్మ తలకాయ విన్న శబ్దం

తెలుగులో మొట్టమొదటి 70 ఎం.ఎం. చిత్రం కృష్ణగారి ‘సింహాసనం’ 1986లో వచ్చింది. ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ సౌండు! హాల్లో చుట్టూ స్పీకర్లుంటే శబ్దం ఏ దిక్కునుంచైనా వస్తుంది, సరే. చెవుల్లో పెట్టుకునే రెండు బుల్లి ఇయర్‌ఫోన్లతో ఆ పని అవుతుందా? అవుతుంది. కాకపోతే దానికో తలకాయ కావాలి!

కుడిపక్క చప్పుడైతే అది కుడి చెవికి ముందు, ఎడమ చెవికి వెనక చేరుతుంది. తేడా ఎంతనుకున్నారు? మహా అయితే 0.7 మిల్లీసెకను. మధ్యలో తల అడ్డొస్తుంది. చెవిడొప్ప మడతలు శబ్దాన్ని కాస్త మారుస్తాయి. ఈ ఆనవాళ్ళతోనే మెదడు దిక్కు పట్టేస్తుంది. అందుకే మనిషి తలలాంటి బొమ్మ చేసి, దాని చెవుల్లో మైకులు పెట్టి రికార్డు చేస్తారు. 1933లో చికాగో ప్రదర్శనలో బెల్ లాబ్స్ వారి బొమ్మ పేరు ‘ఆస్కార్’. సినిమా వాళ్ళ ఆస్కార్ కాదు సుమా! 1972లో వినికిడి యంత్రాల పరీక్షకోసం ‘కేమార్’ అనే బొమ్మ వచ్చింది.

అలాంటి రికార్డింగొకటి నేనూ విన్నాను. కుడిచెవి దగ్గర కత్తెర ఆడితే భుజం ఎగరేశాను. కానీ ఎదురుగా మాట్లాడాల్సిన మనిషి వీపు వెనక మాట్లాడాడు! కారణం, ఆ చెవులు నావి కావు. ఒకరి చెవిడొప్పలా ఇంకొకరిది ఉండదు. 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొందరి చెవుల్లో అచ్చులు అమర్చి ఆకారం మార్చారు. పైనుంచి వచ్చే శబ్దమేదో, కిందనుంచి వచ్చేదేదో వాళ్ళకి తెలియకుండా పోయింది. కొన్ని వారాలకి మెదడు మళ్ళీ నేర్చేసుకుంది!

ఇయర్‌ఫోన్ కూడా తన రంగు పూస్తుంది. చెవి రంధ్రంలో సన్నని మైకు పెట్టి, ఆ రంగెంతో కొలిచి, అంతా తీసేయాలి. ఇయర్‌ఫోన్ కాస్త జరిగినా లెక్క మారుతుంది. 1989లో అమెరికాలో వైట్‌మన్, కిస్ట్లర్ ఎవరి చెవి కొలతలు వాళ్ళకే వాడి చూశారు. హెడ్‌ఫోన్లలోని శబ్దం ఎక్కడిదో వినేవాళ్ళు దాదాపు నిజం స్పీకర్లకి చెప్పినట్టే చెప్పారు.

ఇంత తంటా ఎందుకంటారా? మా అమ్మలాంటి వాళ్ళకోసం. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ‘కుయ్’మనే మోతలు వింటుంది. ఇంట్లో ఒక్కరు మాట్లాడితే సరిగ్గా జవాబిస్తుంది. పెళ్ళిపందిట్లో మాత్రం అందరికీ చిరునవ్వే జవాబు. సినిమాకి రమ్మంటే, “పాటలు వినిపిస్తాయిరా, మాటలే ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి” అని మానేసింది.

ఆవిడ ఇబ్బంది తెలియాలంటే ఆ పెళ్ళిపందిరినే పరీక్షగదికి తేవాలి. అదే సన్నాయి, అదే గోల, పక్కనుంచి అదే పిలుపు, ప్రతిసారీ ఒకేలా వినిపించాలి. అప్పుడే ఏ యంత్రం, ఏ సర్దుబాటు మేలు చేస్తుందో తేలుతుంది. వినిపించే శబ్దం అబద్ధమైతే పరీక్షా అబద్ధమే.

ఆ పని వాళ్ళు చేస్తున్నారు. మన పని చిన్నది. ఈసారి హాల్లో పక్క సీటు పెద్దాయన “ఏమన్నాడు బాబూ?” అని అడిగితే విసుక్కోకండి. డైలాగు చెప్పండి.