నాలుగక్షరాలు

మా అవ్వ నన్ను మరిచిపోయి రెండేండ్లయింది. నన్ను చూసి "సారు వచ్చిండు, కుర్చేయుండ్రి" అంటది. ఇంట్ల ఉన్నది ఒకటే ప్లాస్టిక్ కుర్చీ. నేను కూసుంటే తాను గోడకు జరిగి నిలబడ్తది.

మేం మాదిగోళ్ళం. వనపర్తి దగ్గర పల్లె. నాయిన మేస్త్రీల ఎంట పోయి ప్రాజెక్టుల కట్టలమీద మట్టి మోసిండు. పాలమూరు లేబరంటే అట్లాంటోళ్ళే. అవ్వ తట్ట మోసింది. ఒకసారి కట్టమీది నుంచి పడి తల పగిలితే పసుపద్ది తెల్లారి మళ్ళ పనికి తోలిండ్రు. "నాలుగక్షరాలు నేర్సుకో కొడుకా" అని నన్ను హాస్టల్ల ఏసింది ఆమెనే. మా ఇండ్లల్ల డిగ్రీ చదివింది నేనే మొదలు. ఇప్పుడు గద్వాల దగ్గర సర్కారు బడిల సారును.

నా ఎన్క చిన్నాయిన కొడుకు. గురుకులంల చదివి, పిహెచ్‌డి చేసి, ఇప్పుడు దూరదేశంల పోస్ట్‌డాక్. రెండేండ్ల ఒప్పందం, నచ్చితే ఇంకో ఏడాది. చిన్నాయిన ఇని "అంటే మా అయ్య ఉగాదికుగాదికి జీతం కుదిరినట్టేనారా" అన్నడు. మేం నవ్వినం. తమ్ముడు నవ్వలే.

వాని పని మెదడు జబ్బుల మీద. కత్తి లేదు, సూది లేదు. చనిపోయినోళ్ళు దానమిచ్చిన మెదడు ముక్కల్లోంచి, బతికున్నోళ్ళ రక్తంలోంచి యంత్రం చదివి పంపిన అక్షరాలను కంప్యూటర్ల పోలుస్తడు. జన్యువుల రాతకు ఉన్నవి నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. ఆ నాలుగే తిరిగి తిరిగి 300 కోట్లయితయి. చాలా యంత్రాలు వాటిని 150 అక్షరాల తునకలుగా చదువుతయి. చిరిగిన పుస్తకం ముక్కలను మంచి పుస్తకం పక్కన పెట్టి అతికించినట్టు, ఒక నమూనా రాతతోని పోల్చి వరుస పెట్టాలె. జబ్బున్నోళ్ళల్ల ఎక్కువ, లేనోళ్ళల్ల తక్కువ కనిపించే తేడా ఏదో ఎతకాలె.

"ఆ మంచి పుస్తకం ఎవలది తమ్మీ?" అని అడిగిన. దాంట్ల 70 శాతం దాకా ఒక్క మనిషిదేనట. 1997ల అమెరికాల బఫెలో అనే ఊర్ల పేపర్ ప్రకటన చూసి రక్తమిచ్చినాయనది. బఫెలో అంటే బర్రె అని ఆరో తరగతి పిల్లలకు నేనే చెప్త.

మరి తెలుగోళ్ళు? 2015ల అచ్చయిన వెయ్యి జీనోముల ప్రాజెక్టుల 26 జనసమూహాలు, 2504 మంది. అందుల తెలుగోళ్ళు 102 మంది. వాళ్ళ రక్తం తీసింది ఏడనో తెలుసా? బ్రిటన్ల. బ్రిటన్ దాకా పోయిన తెలుగోళ్ళల్ల మా వాడలోళ్ళు ఎందరుంటరో మీరే అనుకోండ్రి.

మా పేరు అసలే లేదనను. 2009ల హైదరాబాద్ సిసిఎంబి నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి నేచర్ పత్రికల రాసిన వ్యాసంల 25 సమూహాలున్నయి. మాల, మాదిగ, వెలమ, వైశ్య. మా నాగర్‌కర్నూల్ అడవుల్ల గూడ ఉండే చెంచులు. అంతా కలిపి 132 మందే. పట్టికల మా కులం పేరు చూసి ఒళ్ళు ఝల్లుమన్నది. ఆ మాట తిట్టుగ ఇన్నం, దరఖాస్తుల రాసినం. శాస్త్రం గడిల చూసుడు అదే మొదలు. 4200 ఏండ్ల నుంచి 1900 ఏండ్ల కిందటి దాకా ఈ దేశం జనం బాగా కలిసిండ్రని, తర్వాత ఆ కలయిక దాదాపు ఆగిందని 2013ల ఇంకో వ్యాసం తేల్చింది. కులంల కులం పెండ్లే కులానికి ఆయువుపట్టని అంబేద్కర్ 1916లనే కొలంబియా విశ్వవిద్యాలయంల చదివిండు. ఆయనకు ఏ యంత్రమూ అవసరం పడలే.

పెండ్లి గోడల నడుమ జబ్బులు గూడ తిరుగుతయి. వైశ్యులల్ల కొందరికి ఒక ఎంజైము తక్కువ. ఆపరేషనప్పుడు కండరాలు సడలించే ఒక మందిస్తే తొందరగ తేరుకోరు. మత్తు డాక్టర్లకు ఆ సంగతి తెలుసు, జాగ్రత్త పడ్తరు. మా అవ్వను తోల్కపోయిన ఒక దవాఖానల డాక్టరు ఊరు, వాడ అడిగి "కల్లు ఎక్కువైందేమో" అన్నడు. ఆమె కల్లు ముట్టదు.

"అవ్వ రక్తంల ఏ అక్షరం తప్పిందిరా?" అని ఫోన్ల అడిగిన. వాడు చాలాసేపు మాట్లాడలే. "అన్నా, ఒక్కరి రక్తం చూసి చెప్పేది కాదు. ఎక్కువ మందికి ఇది ఒక్క అక్షరంతోని రాదు" అన్నడు. తెల్లారి ఒక కాగితం పంపిండు. మతిమరుపు జబ్బుకు మనం మార్చగల కారణాలు 14 అని 2024ల లాన్సెట్ కమిషన్ చెప్పిందట. తలకు దెబ్బలు, బీపీ, చెవుడు, పాడుగాలి అన్నీ ఉన్నయి. చిన్నతనంల చదువు లేకపోవుడు గూడ ఉన్నది. అవ్వను బడిల బయట వాకిట్ల కూసోబెట్టిండ్రట. మూడు దినాలు పోయి మానేసింది.

ఇప్పుడు హైదరాబాద్ల ఒక పరిశోధన జట్టుకు అవ్వ రక్తమిద్దామని తమ్ముడు ఫారం పంపిండు. ఇయ్యకుంటే మళ్ళ లెక్కల ఉండం. ఇస్తే ఆ లెక్క ఎవల చేతుల పడ్తదో. వారం దినాల సంది నా బ్యాగులనే ఉన్నది. అవ్వ నిశాని ఏస్తది, ఎందుకో ఆమెకు తెల్వదు. సంతకం నేను పెట్టాలె. అంతా ఇంగ్లీషుల ఉన్నది. "తెలుగుల పంపుమను, అవ్వకు చదివి వినిపిస్త" అన్న.

"పెద్దమ్మకు సమజ్ కాదన్నా."

"కాకపోనీ. తెలుగుల పంపుమను."