జాబితాలో లేని పేరు

వార్షిక సంచికలో విజయగాథలకు చోటు దొరకడం సహజం. ఓటమిని గురించి వ్రాయ పూనుకున్నవారు మాత్రం ముందుగా పాఠకుల మన్నన కోరవలసి ఉంటుంది. 2023-24 విద్యా సంవత్సరంలో మా కళాశాల మహిళా బాస్కెట్‌బాల్ జట్టు కప్పు తేలేదు. అయినా ఆ ఏడాది మేము నేర్చుకున్న పాఠం ఒకటున్నది. మా తరువాత ఆటస్థలంలో అడుగు పెట్టబోయే చెల్లెళ్లకు అది ఉపయోగపడగలదన్న నమ్మకంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ ఆట చరిత్ర ఏమంత పురాతనమైనది కాదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు, చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడదగిన ఆట కావాలని ఆలోచించి, పండ్ల బుట్టలు రెండింటిని పది అడుగుల ఎత్తున బిగింపజేశాడు. మరుసటి సంవత్సరమే సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయిని స్మిత్ కళాశాల విద్యార్థినులకు ఆ ఆట నేర్పింది. 1893లో అక్కడ జరిగిన మహిళల తొలి పోటీకి పురుష ప్రేక్షకులను రానీయలేదు. మేము జట్టులో చేరతామన్న రోజున మా ఇళ్లలో పెద్దలు వేసిన మొదటి ప్రశ్న కూడ "చూడడానికి ఎవరెవరు వస్తారు?" అన్నదే. ఆ సంకోచం మా ఇళ్లలోనే పుట్టినది కాదని తెలిసిన తరువాత, పెద్దల మీద కోపం తగ్గి, వారికి నచ్చజెప్పే ఓపిక మాకు కలిగింది.

మాలో ఇద్దరు తలను కప్పుకొని ఆడేవారు. ఇందుకు ఒకప్పుడు అంతర్జాతీయ నియమాలు అంగీకరించేవి కావు. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలలో ఖతార్ మహిళా జట్టు ఈ కారణం చేతనే ఆడకుండా వెనుదిరిగింది. 2017 అక్టోబరు నుండి ఆ నిషేధం తొలగిపోయింది. ఎవరికీ గుచ్చుకునేదేదీ ఉండరాదని నియమం గనుక, ఒక తల్లిగారు పిన్ను అవసరం లేకుండా రెండు నల్లని తలగుడ్డలు స్వయంగా కుట్టి ఇచ్చారు. మొదటి పోటీలో రెఫరీగారు వాటిని పరిశీలించి, తల ఊపి పంపించారు. ఆ రోజు మేము గెలవలేదు గాని, ఆ తల ఊపుతోనే సగం గెలిచినట్లు సంతోషించాము.

జూలైలో పేర్లు ఇచ్చినవారు పదకొండు మంది. ఉర్దూ విభాగం వారు, తెలుగు విభాగం వారు ఒకే బంతి కోసం పరుగెత్తడం అదే మొదలు. మా కెప్టెన్‌ను కొందరు "అక్కా" అనేవారు, కొందరు "బాజీ" అనేవారు. మొదటి వారంలో ఉర్దూ విభాగం చెల్లెలొకతె "ఛోడో!" అని కేకవేస్తే, పల్లె నుండి వచ్చిన మరొకతె దానిని "చూడు!" అని విని, బంతిని చేతిలో పట్టుకొని చూస్తూ నిలబడిపోయింది. ఆనాటి నవ్వుతో మా మధ్య ఉన్న బెరుకు చాలావరకు కరిగిపోయింది.

క్రమంగా సంఖ్య తగ్గింది. ఒకతెకు పెళ్లి కుదిరింది. ఇద్దరికి ఇంట అనుమతి దొరకలేదు. మరికొందరు పరీక్షల భయంతో మానుకున్నారు. చివరకు ఆరుగురం మిగిలాము. ఆ ఆరవ విద్యార్థిని గురించే మేము చెప్పవలసి ఉన్నది.

ఆమె బోధన్ రోడ్డులోని ఒక గ్రామం నుండి నిజామాబాదుకు బస్సులో వచ్చేది. మా సాధన ఉదయం ఆరింటికి. ఇంట నీళ్లు పట్టి, జబ్బుతో ఉన్న తల్లికి టీ పెట్టి ఇచ్చి, మొదటి బస్సు ఎక్కినా ఆమె వచ్చేసరికి ఏడు దాటేది. వచ్చీరాగానే సంచి గోడ వారన పెట్టి, మేము వదిలేసిన బంతులు ఏరి తెచ్చి ఇచ్చేది. పొట్టి మనిషి, పెద్దగా మాట్లాడేది కాదు. ఆగస్టులో ఒకనాడు మేమే ఆమెతో, "వేళకు రాలేనివారు జట్టులో ఉండడం కుదరదు" అన్నాము. పి.డి. మేడమ్‌గారు నిర్ణయాన్ని మాకే వదిలారు గనుక, ఆ నేరం మరొకరి మీద మోపడానికి వీలులేదు. ఆమె ఎదురు చెప్పలేదు. చేతిలోని బంతిని నేలమీద మెల్లగా పెట్టి వెళ్లిపోయింది. క్రమశిక్షణ కాపాడామని మేము గర్వించాము.

అంతర్ కళాశాలల పోటీలు 2024 జనవరిలో జరిగాయి. జట్టుకు పన్నెండు మంది వరకు ఉండవచ్చు. మా జాబితాలో ఐదు పేర్లే వ్రాసి ఇచ్చాము. మొదటి పోటీ ఓడి, తరువాతి రెండూ గెలిచి సెమీఫైనలుకు చేరాము. ఆ పోటీలో చివరి క్వార్టరులో మూడు నిమిషాలు మిగిలి ఉండగా మేము ఒక్క పాయింటు ముందున్నాము. అప్పుడే మాలో అందరికంటె పొడగరియైన క్రీడాకారిణికి ఐదవ ఫౌలు పడింది. ఐదు ఫౌళ్లు చేసినవారు బయటకు పోవలసిందే. ఆమె స్థానంలో ప్రవేశపెట్టడానికి మాకెవరూ లేరు. నలుగురు మిగిలినా ఆట సాగించవచ్చునని నియమం. సాగించాము. ఐదుగురి మధ్య నలుగురం పరుగెత్తి, రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాము.

ఆట ముగిసి బెంచీ దగ్గర తలలు వంచుకొని కూర్చున్న మా ముందుకు ఎవరో మంచినీళ్ల సీసా చాచారు. తలలెత్తి చూస్తే ఆమె! 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ బస్సులలో ఆడవారికి టిక్కెట్టు లేదు గనుక, ఇంట అడగకుండానే రాగలిగానన్నది. మూడు పోటీలూ చూసిందట. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. "కోనా ఖాలీ థా, తుమే దేఖే నై క్యా?" అని మాత్రం అడిగింది. ప్రత్యర్థులందరూ బుట్ట కింద గుమిగూడినప్పుడు ఎడమ మూల ఖాళీగా ఉన్నదని, అక్కడి నుండి బంతి వేయవచ్చునని ఆమె భావం. ఆటలో ఉన్న మా నలుగురికీ ఆ మూల కనబడలేదు. బయట కూర్చోబెట్టిన మనిషికి కనబడింది. ఆమె పేరు జాబితాలో ఉండి ఉంటే, ఆ మూడు నిమిషాలు మేము ఐదుగురమై ఆడేవారము. అప్పుడు గెలిచేవారమని చెప్పలేము. కాని ఓటమికి మరొకరిని నిందించే అవకాశమైనా మిగిలేది.

ఆలోచించి చూస్తే, మేము ఆమెను కాలంతో కొలిచాము. ఆమె ఆరింటికి రావడానికి నాలుగింటికి లేచినా చాలదని మాలో ఎవరమూ లెక్క వేయలేదు. కళాశాలకు పక్క వీధి నుండి నడిచి వచ్చేవారికి, ఇరవై కిలోమీటర్ల నుండి వచ్చేవారికి ఒకే గడియారం పెట్టి దానికి న్యాయమని పేరు పెట్టాము. మా ఇళ్లలో పెద్దలు కాదన్నప్పుడు కన్నీరు పెట్టుకున్న మేమే, ఆ "కాదు"ను మరొక చెల్లెలితో ఎంతో తేలికగా అనగలిగాము.

మరునాడు కెప్టెన్‌తో పాటు అందరం వెళ్లి ఆమెను క్షమించమని అడిగాము. నవ్వి, "కల్ సే ఆవూఁ?" అన్నది. రేపటి నుండి రానా అని! నాటి నుండి వారానికి మూడు రోజులు మధ్యాహ్న భోజన విరామంలో ఆమెతో కలిసి సాధన చేశాము. అన్నం డబ్బాలు ఆటస్థలం గట్టు మీదికి వచ్చాయి. మాకు మిగిలిన ఆ కొద్ది వారాలలో ఎడమ మూల నుండి ఆమె వేసిన బంతులు ఎన్నిసార్లు బుట్టలో పడ్డాయో ఆమెకే తెలుసు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. కొత్త బంతులు, కొత్త దుస్తులు తరువాతనైనా దయచేయవచ్చు. ముందుగా వారంలో మూడు రోజులు చివరి పీరియడును ఆటలకు కేటాయించండి. అప్పుడు బస్సులో వచ్చే విద్యార్థినులకు కూడ జాబితాలో చోటు దొరుకుతుంది, వారు చీకటి పడకముందే ఇళ్లకు చేరుతారు.

మాలో ముగ్గురం ఈ కళాశాల విడిచి పోతున్నాము. రాబోయే జట్టుకు మేము అప్పగించి పోయే ఆస్తి రెండు నల్లని తలగుడ్డలు, గాలి తగ్గిన మూడు బంతులు, ఈ చిన్న హెచ్చరిక: చెల్లెళ్లారా, పేర్లు వ్రాసేటప్పుడు గోడ వారన సంచి పెట్టి ఎవరైనా నిలబడి ఉన్నారేమో ఒకసారి చూసి మరీ వ్రాయండి.